ఎండిన చెరువులో ఆఖరి టేక్

గోరంట్ల బస్టాండులో సోడా తాగుతూనే కుప్పకూలాడు ఏజెంట్ నైన్. చచ్చేముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే. సినిమా షూటింగుకి తెచ్చిన స్మోక్ మెషిన్లలో ఉన్నది పొగ కాదు, నెర్వ్ గ్యాస్.

దాన్ని కొనే బేరగాళ్ళు కూడా దొరకాలి, అందాకా పోలీసులు కనబడకూడదన్నాడు ఢిల్లీలో చీఫ్. మర్నాడే ఏజెంట్ జయంత్ మేకప్ అసిస్టెంట్‌గా ఆ షూటింగులో చేరాడు. ప్రపంచం బూడిదయ్యాక మిగిలినవాళ్ళు నీళ్ళకోసం ఒకరినొకరు చంపుకునే విదేశీ హారర్ సినిమాకి అది రెండో భాగమట. ఎండిన చెరువే సెట్. కరువు పనుల కూలీలే ఎక్స్‌ట్రాలు, ఎవరి బిందె వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ మొహాలకి మేకప్ అక్కర్లేదు, కరువే ఆ పని చేసిపెట్టింది. డైరెక్టర్ కార్ల్ అనే రాక్షసుడికి కావలసింది సినిమా కాదు. వీళ్ళు ఎంత త్వరగా చస్తారో కట్టమీద కూర్చున్న బేరగాళ్ళకి చూపించాలి.

హీరోయిన్ షీలా జయంత్‌ని మేకప్ వ్యానులోకి పిలిచి తలుపేసింది. పెదాలమీద నవ్వు, చేతిలో పిస్టల్.

"కార్ల్ జీతం తీసుకుంటున్నాను. ఢిల్లీ జీతం కూడా," అంది. "గ్యాస్ వాల్వులు తెరిచేశారు. పరిగెత్తు."

జయంత్ కట్ట ఎక్కి, అది విషం, పైకి రండని గొంతు చించుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు. పొద్దుట్నించీ రిహార్సల్స్‌లో అరిచిన డైలాగు అదే మరి.

"బాగా చేస్తాండావప్పా," అని కింద నుంచి మెచ్చుకున్నాడు బసప్ప అనే కూలీ.

పసుపు పొగ చెరువులోకి దిగుతోంది. కట్టమీద సెట్ కోసం పెట్టిన వాటర్ ట్యాంకర్ కనబడింది. జయంత్ దాని డ్రైవరు సీట్లోకి దూకి ఆగి ఆగి మూడుసార్లు హారన్ కొట్టాడు. ఆ చుట్టుపక్కల నీళ్ళ ట్యాంకర్ ఊళ్ళోకొస్తే అలాగే కొడుతుంది. అది వింటే పాలిచ్చే తల్లి కూడా బిడ్డని దింపి బిందె అందుకుంటుంది.

చెరువు చెరువంతా కట్టమీదకి ఎగబడింది. జుట్లు పట్టుకున్నారు, ముసలాళ్ళని పక్కకి లాగేశారు. పడ్డవాళ్ళని షీలా రెక్క పట్టి ఈడ్చుకొచ్చింది. అడ్డమొచ్చిన కార్ల్‌ని జనం తోసేస్తే వాడు దొర్లుకుంటూ వెళ్ళి తన పొగలోనే పడ్డాడు. మళ్ళీ లేవలేదు. బేరగాళ్ళు చూడ్డానికొచ్చింది చూశారు, తలతిప్పేసరికి షీలా పిస్టల్ వాళ్ళమీదే ఉంది.

అందరికంటే ముందొచ్చిన ఓబులమ్మ ట్యాంకర్ కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. అది సినిమా ట్యాంకర్. జయంత్ తను ఎంతమంది ప్రాణాలు కాపాడాడో వివరంగా చెప్పాడు.

"బతికినాంలే. నీళ్ళు యాడ?" అంది ఓబులమ్మ, బిందె పైకెత్తుతూ.

మిషన్ సక్సెస్ అని జయంత్ ఢిల్లీకి రిపోర్టు పంపాడు. తలకి పడిన కుట్లు మాత్రం శత్రువుల ఖాతాలో రాశాడు.