వాకబు చేయని భాగస్వామి

గురువారం మధ్యాహ్నం, ఎండ మండుతూ రెండు దాటిన వేళ, గూడ్స్‌షెడ్ హమాలీ హనుమప్ప రాయచూరు స్టేషన్ రోడ్డులోని శ్రీ చెన్నకేశవా మిల్ స్టోర్స్ మెట్లెక్కి, రబ్బరు రోలర్ల దొంతిని పట్టుకొని నిలబడ్డాడు. భుజాన గోనెపట్టా ఉంది. దాని కింద, వీపులో, పిడి దాకా దిగిన కత్తి ఉంది.

"రోలర్ అరిగింది," అన్నాడు.

అది కోడ్. ప్రమాదం తలమీదికి వచ్చిందని దాని అర్థం.

షాపు యజమాని చెన్నకేశవరావు గల్లా దాటి దూకి అతణ్ణి పొదివి పట్టుకున్నాడు. "ఎవరు చేశారు?"

"జయాబాయి మనుషులు. మీరు పంపిన ఇంజిన్ లోపల బాంబు పెట్టిన్రు సార్. ఇడపనూరు దారిల పంప్‌హౌస్... కాల్వ కట్ట లేపేస్తరు." హనుమప్ప కళ్ళెత్తి చూశాడు. ఆ చూపులో నొప్పి కంటే కోపమే ఎక్కువగా ఉంది. "ఆమె ఎవరని నేనడిగితి గద సార్. సరుకు కొనేటి గిరాకీ అంటిరి."

అదే అతని ఆఖరి మాట.

ఆ షాపులో ఎవరూ తాము కనిపించే మనుషులు కారు. బంగారు కడ్డీల కళ్ళజోడు, జరీ అంచు పంచె ధరించిన యజమాని చెన్నకేశవరావు కేంద్ర ప్రభుత్వ గూఢచారి. మోచేతుల దాకా గ్రీజుతో ఉండే మెకానిక్ విరూపాక్ష అతని సహచరుడు, పేలుడు పదార్థాల నిపుణుడు. టైపిస్టు కుసుమకుమారి వైర్‌లెస్ ఆపరేటర్. ఆమె ట్రాన్స్‌మిటర్ కాటా బల్ల కింద ఉంటుంది. హనుమప్ప నాలుగో మనిషి, బయటి కన్ను.

దేశం ఓడల్లో వచ్చే గోధుమల కోసం రేవుల వైపు చూస్తున్న సంవత్సరం అది. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండడం కొందరు విదేశీయులకు రుచించలేదు. వారి ముఠా పేరు సాలమాండర్. నిప్పులో బతికే జంతువని పాత గ్రంథాలు దాన్ని వర్ణిస్తాయి. నిజానికి ఆ జంతువు తడి ఆకుల కింద బతుకుతుందనీ, నిప్పులో వేస్తే చస్తుందనీ చెన్నకేశవరావుకు తెలుసు. ముఠా మాత్రం అంత తేలికగా చచ్చే రకం కాదు.

దాన్ని పట్టుకోవడానికే డిపార్ట్‌మెంట్ ఈ దొంగ షాపును తెరిపించింది. అనుకోని సంగతి ఒకటి జరిగింది. షాపు నడిచింది. జిల్లా అంతటా కొత్త రైసుమిల్లులు లేస్తున్నాయి, విడిభాగాలకు కరువుగా ఉంది. ఈ ముగ్గురూ అబద్ధాలాడడానికి శిక్షణ పొందినవారు. సరుకు గురించి నిజం చెప్పడం వారికి విశ్రాంతిగా ఉండేది. ఆ నిజానికే జనం అలవాటుపడ్డారు. కొంత కాలానికి ముగ్గురి మనసులోనూ ఒకే ఊహ మెదిలింది. రాజీనామా ఇచ్చి, ఇలాంటి షాపునే సొంతంగా ఎందుకు పెట్టకూడదు?

ఆ ఊహను వారు తమకు తెలిసిన పద్ధతిలోనే పెంచారు. రహస్యంగా. హెడ్‌క్వార్టర్స్‌కు తెలియకుండా, హనుమప్పకు తెలియకుండా, మిల్లు యజమానుల మాటల మధ్య తమకు మాత్రమే అర్థమయ్యే సైగలతో. అక్కడే పొరపాటు జరిగింది. కొత్త మనిషి ఎవరు దగ్గరైనా పేరు హెడ్‌క్వార్టర్స్‌కు పంపి వాకబు చేయించాలన్నది డిపార్ట్‌మెంట్ నియమం. ఆ నియమం ప్రకారం వారు ఎదురుగా చాయ్ అమ్మేవాడి గురించీ, బండి తోలేవాడి గురించీ, చివరికి షాపు ఊడ్చే తాయమ్మ గురించీ వాకబు చేయించారు. పెట్టుబడి పెడతానంటూ బొంబాయి నుంచి వచ్చిన జయాబాయి పేరును మాత్రం పంపలేదు. పంపితే, ఆమె ఎందుకు దగ్గరైందో చెప్పవలసి వచ్చేది.

జార్జెట్ చీర, నల్ల కళ్ళద్దాలు, తెల్ల ఫియట్ కారు. తనది రాయచూరులోనే పాత పత్తి వ్యాపారుల కుటుంబమని చెప్పింది. ముగ్గురితో భాగస్వామ్య ఒప్పందం రాయించుకొని, తొలి సరుకుగా దిగుమతి ఆయిల్ ఇంజిన్లు చవకగా ఇప్పించింది. అందులో ఒకటి ఆ ఉదయమే ఇడపనూరు దారిలోని సహకార సంఘం పంప్‌హౌస్‌కు వెళ్ళింది. పంప్‌హౌస్ కాలువ కట్టను ఆనుకొని ఉంది. కట్ట కింద పల్లంలో కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు ఉంది. ఇళ్ళు, పశువులు, నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు.

చెన్నకేశవరావు హనుమప్ప కళ్ళు మూసి లేచాడు. "కుసుమగారూ, సెట్ తెరవండి. హెడ్‌క్వార్టర్స్‌కు అంతా చెప్పాలి."

"అంతా అంటే?" విరూపాక్ష అడ్డం వచ్చాడు. "దుకాణం సంగతి గూడనా? నీకు దిమాక్ ఖరాబైందా అన్నా? చెప్తే నౌకరి ఖతం. జైలు గూడ గ్యారంటీ. జీప్ తీద్దాం, పోదాం, బాంబు తీద్దాం, వద్దాం. నేను తీయని బాంబు ఉన్నదా?"

"ఆ బాంబు ఎలా పేలుతుందో నీకు తెలుసా?"

"చూస్తే తెలుస్తది."

"తప్పుగా చూస్తే?"

"అబ్బ, పెద్ద సైంటిస్టువి! ఆమెను దుకాణంలకు తెచ్చింది ఎవరు? నువ్వు గాదా? కుర్చీ తుడిచి కూసోబెడితివి. సోడా తెప్పిస్తివి!"

"నేనే. అందుకే చెప్పేదీ నేనే."

"నీ ఒక్కని తలకాయ కాదు పొయ్యేది. మూడు తలకాయలు!"

కుసుమకుమారి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. "మీ ఇద్దరూ తేల్చుకునేలోపు క్యాంపు మునిగిపోయేలా ఉంది. మా పిన్నివాళ్ళూ అలాంటి క్యాంపులోనే ఉన్నారు, కారటగి దగ్గర. ఏం పంపమంటారో చెప్పండి రావుగారూ."

అతడు చెప్పాడు. భాగస్వామ్యం, రాజీనామాల ఆలోచన, జయాబాయి, ఇంజిన్, హనుమప్ప చావు. ఒక్క విశేషణం వాడలేదు. ఆమె కీ నొక్కుతుంటే విరూపాక్ష గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

జవాబు రావడానికి ఒక చాయ్ చల్లారినంత సేపు కూడా పట్టలేదు. కుసుమకుమారి చదివింది: "జయాబాయి డబుల్ ఏజెంట్. కొంతకాలం మనకూ పనిచేసింది. నిరుడు తొలగించాం. పేరు పంపి ఉంటే ఆ రోజే చెప్పేవాళ్ళం. సాలమాండర్ పద్ధతి: హీట్ స్విచ్. సిలిండర్ చుట్టూ తిరిగే నీరు మరిగితే స్విచ్‌లోని లోహపు పట్టీ వంగి సర్క్యూట్ కలుస్తుంది. నడుస్తున్న ఇంజిన్‌ను ఆపవద్దు. ఆపితే నీటి ప్రసరణ ఆగుతుంది. లోహంలోని వేడి అంతా నిలిచిన నీటిలోకి దిగుతుంది. చల్లబరుస్తూ పట్టీని తీయండి. మిగతా విషయం తరువాత." హెడ్‌ఫోన్లు తీసింది. "మిగతా విషయం అన్న మాటను రెండుసార్లు పంపారండి."

విరూపాక్ష పానాల సంచీ తీసుకొని జీప్ స్టీరింగ్ పట్టాడు; చెన్నకేశవరావు పక్కన ఎక్కాడు. చూస్తే తెలుస్తుందన్నవాడు, చూసిన వెంటనే ఇంజిన్ ఆపి ఉండేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇడపనూరు రోడ్డు మీద, వంతెన దాటాక, తెల్ల ఫియట్ అడ్డంగా నిలబడి ఉంది. జయాబాయి దానికి ఆనుకొని, నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"వెనక్కి తిరగండి రావుగారూ," అంది తీయగా. "ఇల్లు కాలుతుంటే దుకాణం గురించి ఆలోచించేవాడే వ్యాపారి. మీరు ముందుకు వెళితే, మన ఒప్పందం సాయంత్రానికి మీ చీఫ్ బల్ల మీద ఉంటుంది. ముగ్గురికీ సంకెళ్ళే. ఇంటికి వెళ్ళండి. ఎవరికీ ఏమీ తెలియదు."

"ఆలస్యమైందమ్మా," అన్నాడు చెన్నకేశవరావు. "నేనే చెప్పేశాను."

ఆమె ముఖం మీద చిరునవ్వు మిగిలిపోయింది. దాని వెనుక మనిషి మాత్రం మారిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోని లిప్‌స్టిక్ గొట్టం చేతిలోకి వచ్చింది. అది గొట్టం కాదు, చిన్న తుపాకీ; పేలింది. జీప్ అద్దం సాలెగూడులా చిట్లింది.

"తల కిందికి!" అరిచి విరూపాక్ష ఆక్సిలరేటర్ తొక్కాడు. జీప్ బంపర్ ఫియట్ నడుముకు తగిలి, దాన్ని రోడ్డు దించి తడి పొలంలోకి నెట్టింది. జయాబాయి పక్కకు దూకింది. దూకిన చోటు నల్లరేగడి. మోకాళ్ళ దాకా దిగబడి, ఒక కాలు లాగితే రెండో కాలు ఇంకా లోతుకు దిగుతోంది.

"షేర్ ఇస్తనంటివి గదమ్మా!" విరూపాక్ష వెనక్కి అరిచాడు. "ఇగో, భూమిల షేర్ తీసుకో!"

అరకిలోమీటరు దూరం నుంచే ఇంజిన్ చప్పుడు వినిపించింది. టకటకటక. సహకార సంఘం అధ్యక్షుడు మహదేవప్ప రాహుకాలం వెళ్ళేదాకా ఆగి, అప్పుడే కొబ్బరికాయ కొట్టి దాన్ని నడిపించాడు. పంచాంగం మీద చెన్నకేశవరావుకు నమ్మకం లేదు. ఆ రోజు అది పొరపాటున ఉపయోగపడిందని మాత్రం ఒప్పుకోక తప్పలేదు.

ఇంజిన్ పక్కనున్న నీళ్ళ తొట్టి నుంచి అప్పటికే ఆవిరి లేస్తోంది.

"బాంబు! అందరూ దూరంగా పోండి!"

మహదేవప్ప అదిరిపడ్డాడు. "ఏ, ఎవురప్పా నువ్వు? అయ్యో శివనే!" అంటూ ఆయిల్ ఆపే కాక్ మీద చెయ్యి వేశాడు. "తాళప్పా, ఆపేస్తా!"

చెన్నకేశవరావు ఆయన మీదికి దూకాడు. ఇద్దరూ కొబ్బరి చిప్పల మీద పడ్డారు. "ఆపవద్దు! ఆపితేనే పేలుతుంది!"

"బాంబంటాడు, ఆపొద్దంటాడు! వీడికి పిచ్చి!" పెద్దాయన కింద నుంచి పిడికిళ్ళతో గుద్దుతున్నాడు.

వరినాట్ల నుంచి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళ ముందు పున్నమ్మ నిలబడింది. క్యాంపులో ఆమె మాటకు ఎదురు లేదు. బురద చేతులు నడుముకు పెట్టుకొని గర్జించింది. "నువ్వే కదయ్యా ఆ మరలకొట్టు రావుగారివి? ఇంజినూ నువ్వే అమ్మి, ఇప్పుడు బాంబంటావా? ఒళ్ళు కొవ్వెక్కిందా?"

"తరువాత తిట్టండమ్మా, ఎంతైనా పడతాను. కాలువ నీళ్ళు ఈ తొట్టిలో పోయించండి. ఇంజిన్ మీద వద్దు, ఇనుము పగులుతుంది. తొట్టిలో! లేకపోతే కట్ట తెగి మీ ఇళ్ళ మీద పడుతుంది."

పున్నమ్మ ఒక్కసారి కట్టను చూసింది. ఒక్కసారి పల్లంలోని పైకప్పులను చూసింది. "బిందెలు తీయండే! నీళ్ళందుకోండి! ఈ మాయదారోణ్ణి తరవాత చూద్దాం!"

కాలువ నుంచి తొట్టి దాకా చేతులు వరుస కట్టాయి. బిందెలు, గమేళాలు, అన్నం తెచ్చుకున్న గిన్నెలు. చల్లని నీరు పడుతోంది, వేడి నీరు పొర్లుతోంది. ఇంజిన్ పీఠం కింద విరూపాక్ష వెల్లకిలా పడుకొని పానా తిప్పుతున్నాడు. పొర్లిన నీరు ముఖం మీద కారి కాలుస్తోంది.

"దొరికింది! రెండు లోహాల పట్టీ. అన్నా, ఇది వంగుతున్నది! సందు వెంట్రుక మందం గూడ లేదు!"

"విప్పు!"

"బోల్టు జామైంది! నీళ్ళు, ఇంకా నీళ్ళు!"

"పొయ్యండే!" పున్నమ్మ గొంతు బొంగురుపోయింది. చెన్నకేశవరావు బిందెలు చాలవని జరీ పంచె చెంగు తడిపి పైపుకు చుట్టాడు. ఆవిరి ముఖానికి కొట్టింది. పట్టీ సర్క్యూట్ కొనకు ఆనేంత దగ్గరైంది. నీలి రవ్వ ఒకటి చిటుక్కుమనబోయింది. విరూపాక్ష పానా వదిలేసి, కాలుతున్న పట్టీని వట్టి వేళ్ళతో పట్టి వెనక్కి విరిచాడు. అది అతని చర్మంతో సహా ఊడి వచ్చింది.

ఇంజిన్ టకటకమంటూనే ఉంది. పంపు నుంచి మెరక పొలంలోకి నీరు దూకింది.

"ఇప్పుడు ఆపుకోండి," అన్నాడు చెన్నకేశవరావు నేల మీద చతికిలబడుతూ.

"నా చెయ్యి చూడు," విరూపాక్ష పీఠం కింది నుంచే అన్నాడు. "నీ భాగస్వామ్యంల నాకొచ్చిన లాభం ఇది."

జయాబాయిని పోలీసులు తాళ్ళు వేసి రేగడి నుంచి లాగారు. ఆమె నోట వచ్చిన పేర్లతో గుంతకల్లులో, బొంబాయిలో సాలమాండర్ మనుషులు దొరికారు. ఆ తరువాత బెంగళూరు నుంచి చీఫ్ శివరామకృష్ణయ్య వచ్చాడు. గల్లా వెనుక యజమాని కుర్చీలో కూర్చున్నాడు. ముగ్గురినీ కూర్చోమనలేదు.

"కాలువ కట్టను కాపాడినం సార్," విరూపాక్ష కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపాడు.

"కట్ట కింద బాంబు పెట్టించిందీ మీరే. హనుమప్ప భార్య మారెవ్వను ఇప్పుడే చూసి వచ్చాను. ఆమెకు మీ శౌర్యం వర్ణించమంటారా?"

విరూపాక్ష చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిజం మీరే చెప్పారు గనుక జైలు లేదు. ఉద్యోగమూ లేదు. షాపు, సరుకు, పేరు డిపార్ట్‌మెంట్‌వి. కొత్త మనుషులు రేపు వస్తారు. మంచి బేరం నడుస్తోందని విన్నాను; పాడు చేయవద్దని వారికి చెబుతాను." శివరామకృష్ణయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. "మీరిక స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ఉద్యోగంలో లేనివారిని ఏ నియమమూ ఆపదు."

"దేంతో చేయమంటారండీ?" అడిగింది కుసుమకుమారి.

చీఫ్ ఆ ప్రశ్న గురించి నిజాయితీగానే ఆలోచించాడు.

"అది నా శాఖ పరిధిలోకి రాదమ్మా," అన్నాడు, తలుపు వైపు చెయ్యి చూపిస్తూ.