గడువు తీరని ఇంజను

కొన్యాకు దుంపలు నిలవ చేసుకునే రేకుల షెడ్డు అది. తాత పోయాక దుంపల గంపలు పోయి జాకీలూ స్పానర్లూ వచ్చి చేరాయి. మట్టి వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. ఇప్పుడు దాని నడుమ నాలుగు ఇనప స్టాండ్ల మీద ఒక తెల్ల స్పోర్ట్స్ కారు, చక్రాలు లేకుండా, బానెట్టు లేకుండా నిలబడి ఉంది. పక్క సీటు కూడా లేదు. వైర్లు లాగడానికి అడ్డమని హత్సుమి పోయిన వారమే విప్పి అవతల పారేసింది.

ఆ కారుతో వచ్చిన చిన్న ఇంజను వేసవిలోనే రాడ్డు విరిగి చచ్చింది. దాని స్థానంలో పెద్ద కారుది, రెండు లీటర్ల టర్బో ఇంజను పెట్టింది హత్సుమి. ఎవరూ నేర్పలేదు. పగలంతా ఫ్యాక్టరీలో రేకు ప్రెస్సు దగ్గర నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చి పాత పత్రికలు ముందేసుకుని నేర్చుకుంది. మౌంటింగులు తనే కోసి వెల్డింగు చేసింది. ఆయిల్ చాంబరు కింద అడ్డుబద్దకి తగులుతుంటే చాంబరునే కోసి పొట్టి చేసింది. చేతుల మీద కాలిన మచ్చలు లెక్కపెట్టడం మానేసి చాలా రోజులైంది.

ఊరి మైకుల్లో ఐదు గంటల పాట వస్తోంది, ఆడుకునే పిల్లల్ని ఇళ్ళకు పంపేది. డిసెంబరు కదా, అప్పటికే చీకటి. అకాగి కొండ మీంచి దిగిన పొడిగాలి రేకుల్ని పట్టుకుని ఊపుతోంది.

"మేస్త్రీ గారూ, నేను ముసలాణ్ణయ్యేలోపు అవుతుందంటారా?" డ్రైవరు సీట్లోంచి అడిగాడు యుజురు. హత్సుమికి అన్న, సన్నటి మనిషి, ఎడమ కనుబొమ మీద పాత మచ్చ. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

"నోరు మూసుకుని క్లచ్ తొక్కు అన్నయ్యా."

"జీతం లేని డ్రైవరంటే ఎంత లోకువో."

"జీతమా? మధ్యాహ్నం నా వాటా ఓదెన్ పులుసులో గుడ్డు మాయమైంది. అదే నీ జీతం."

అతను నవ్వాడు. మర్నాడు ఆదివారం పొద్దున్నే అతని ప్రయాణం. క్యూషూలో కొత్త ఫ్యాక్టరీ, కనీసం మూడేళ్ళు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన బండి గొంతు ఒక్కసారి విని వెళ్ళాలని అతని కోరిక. వినిపించి పంపాలని ఆమె పంతం. ఆ పంతం కోసమే ఆమె అబద్ధమాడింది.

ఈ ఇంజను సిగ్నల్ దగ్గర వెనకనించి గుద్దించుకున్న కారుదని అన్నకి చెప్పింది. కాదు. హినోకుబో ఘాట్‌లో, పద్నాలుగో మలుపు దగ్గర లోయలోకి పోయిన కారుది. నడిపినవాడు అక్కడే పోయాడు. అదేం పెద్ద విషయం కాదు, తుక్కు యార్డుల్లో అలాంటి ఇంజన్లు చాలానే ఉంటాయి. కానీ యార్డు ముసలాయన కురాతాకి ఒక పట్టింపు ఉంది. మనిషి పోయిన బండి ఇంజనుకి గాలి పీల్చే గొట్టంలో తెల్ల తువ్వాలు కుక్కి, పక్కన సుద్దతో ఒక తారీకు రాస్తాడు. పోయిన రోజు నించి నలభై తొమ్మిదో రోజు. అప్పటిదాకా దాన్ని తిప్పడు, ఎవర్నీ తిప్పనివ్వడు.

"పందొమ్మిదో తారీకు దాకా గుడ్డ తియ్యకమ్మాయ్," అన్నాడు ఆయన, ట్రక్కులో ఎక్కిస్తూ. "నలభై తొమ్మిది రోజులూ పోయినవాడు దారిలోనే ఉంటాడు. ఇల్లు వెతుక్కుంటుంటాడు. ఈలోపు బండి చప్పుడు వినపడితే తనదే అనుకుని వచ్చి ఎక్కుతాడు. ఆ ఘాట్‌లో పోయి ఇల్లు చేరనివాళ్ళు ఇంకెవరు విన్నా అంతే."

"అలాగే తాతగారూ, ముట్టుకోను."

ఈరోజు పద్నాలుగు. ఐదు రోజులు తక్కువ. పొద్దున అన్న లేవకముందే తువ్వాలు లాగేసింది, సుద్ద రాత తడిగుడ్డతో తుడిచేసింది. తువ్వాలు చేతిలోకి వచ్చినప్పుడు ఒక వైపు వెచ్చగా ఉంది. రాత్రంతా స్టవ్వు వెలిగింది కదా, అందుకే అనుకుంది.

"సెల్ఫ్ కొట్టు," అంది.

మొదటిసారి గుర్రుమని ఆగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది. సైలెన్సరు ఇంకా బిగించలేదేమో, ఆ గర్జనకి రేకుల మీద దుమ్మంతా రాలింది. అర నిమిషంలో సర్దుకుని నిలకడగా తిరగడం మొదలుపెట్టింది. హత్సుమికి కళ్ళ నీళ్ళొచ్చాయి. అన్న అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. అతనికీ అదే పరిస్థితి, దుమ్ము పడిందన్నట్టు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది.

నాలుగైదు నిమిషాలయ్యాక ఇంజను గొంతు పెరిగింది.

"తొక్కకు, ఇంకా వేడెక్కలేదు," అని అరిచింది.

"నేను తొక్కట్లేదే."

"హాస్యాలొద్దు అన్నయ్యా."

"ఒట్టు. కాళ్ళు పైకెత్తే ఉన్నాను, చూడు."

వైరింగులో ఎక్కడో తప్పు చేశాననుకుంది. యాక్సిలరేటరు తీగ చూసింది. వదులుగా వేలాడుతోంది. గొంతు ఇంకా పెరిగింది, ఒక్కసారి తగ్గింది, మళ్ళీ పెరిగింది. రెండో గేరు, మూడో గేరు. కాసేపు సాగదీసి, చటుక్కున కిందికి దిగింది. ఆ దిగేటప్పుడు మధ్యలో ఒక్క ఎగురు... గేరు తగ్గిస్తూ మడమతో యాక్సిలరేటరుని తట్టేవాళ్ళకే వచ్చే ఎగురు.

వైరింగు తప్పు అలా తట్టదు.

హినోకుబో ఘాట్ ఆమెకి చెవుల్లో ఉంటుంది. పద్దెనిమిదేళ్ళప్పటి నించీ అన్న పక్కన కూర్చుని ఎక్కీ దిగీ, కళ్ళు మూసుకున్నా ఏ మలుపులో ఉన్నారో చెప్పేది. మలుపు మలుపుకీ అంకె వేసిన పలకలుంటాయి, పైనించి కిందికి పందొమ్మిది. ఇప్పుడు వింటున్నది పొడుగాటి దిగుడు. తర్వాత వెంటవెంటనే రెండు మలుపులు. తర్వాత చిన్న వంతెన, దాని మీద చప్పుడు బోలుగా మారింది... షెడ్డులో నిలబడ్డ బండి చప్పుడు.

ఆరో మలుపు దాటింది.

"ఆపు," అంది. "అన్నయ్యా, తాళం తిప్పు."

ఆమే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పింది, బయటికి లాగేసింది. ఇంజను ఆగలేదు. బ్యాటరీ తీగ పీకింది. ఆగలేదు. పెట్రోలు గొట్టం లాగేసింది. కారిన పెట్రోలు కాళ్ళ కింద మడుగు కట్టింది. స్టవ్వు గుర్తొచ్చి, పరుగున వెళ్ళి ఆర్పింది. దీపం ఒక్కటే మిగిలింది. గాలికి దీపం ఊగుతుంటే కారు నీడ గోడ మీద ముందుకీ వెనక్కీ కదులుతోంది.

తొమ్మిది.

గాలి ఆపేస్తే ఏ ఇంజనైనా చావాల్సిందే. అరచెయ్యి తీసుకెళ్ళి పీల్చుకునే గొట్టానికి అడ్డంగా పెట్టింది.

పీల్చడం లేదు.

చెయ్యి అక్కడే ఉంచి కిందికి చూసింది. ఫ్యాను బెల్టు కదలడం లేదు. పుల్లీ కదలడం లేదు. ఇంజను మీద చెయ్యేసింది. వణుకు లేదు. చల్లగా ఉంది. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. చప్పుడొక్కటే షెడ్డు నిండా పరుగెడుతోంది.

దుంపల వాసన పోయింది. తడిసిన దేవదారు ఆకు వాసన... మాడుతున్న బ్రేకుల వాసన...

పదకొండు.

అప్పుడు అన్న వైపు చూసింది. యుజురు రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. తిప్పుతున్నాడు. ఎడమ చెయ్యి గేరు కర్ర మీదకి వెళ్ళి వస్తోంది. కళ్ళు ముందున్న గోడని చూడ్డం లేదు. గోడ అవతల ఎక్కడో దూరాన్ని చూస్తున్నాయి.

"దిగు అన్నయ్యా." చంకల కింద చేతులేసి లాగింది. బండరాయిని లాగినట్టుంది. "దిగు, నీ కాళ్ళు పట్టుకుంటా..."

అతను గుసగుసగా అన్నాడు. "గట్టిగా మాట్లాడకు. ఆయన దారి చెప్తున్నాడు."

"ఎవరు?"

"పక్కనున్నాయన. పాపం, ఇంటికెళ్ళాలట. దారి మర్చిపోయాడు."

పక్కన సీటు లేదు. బోల్టు కన్నాలున్న నేల రేకు ఒక్కటే ఉంది. ఆమె అటు చూడలేదు. చూడకూడదనుకుంది.

పన్నెండు.

పదమూడు.

పదమూడు తర్వాత నూట యాభై గజాలు తిన్నగా ఉంటుంది. చివర పద్నాలుగు. కొత్త రెయిలింగు. దాని కింద ఎవరో పెట్టిన పూలు, మూత తియ్యని కాఫీ డబ్బాలు. ఆ మలుపు ముందు తగ్గే గొంతు ఎలా ఉండాలో ఆమెకి తెలుసు. ఈ గొంతు తగ్గడం లేదు... ఎక్కుతోంది... ఇంకా ఎక్కుతోంది...

అతని చెవిలో నోరు పెట్టింది.

"బ్రేకు. అన్నయ్యా, బ్రేకు తొక్కు. ఇప్పుడు. ఇప్పుడే."

అతని కుడికాలు కదిలింది.

గొంతు దిగింది. మూడో గేరు, రెండో గేరు. టైర్లు అరిచాయి... లేని టైర్లు. తర్వాత మెల్లగా సర్దుకుంది.

పద్నాలుగు దాటింది. పదిహేను. హత్సుమి నేల మీద కూలబడి, కారు తలుపుకి తల ఆనించి ఏడ్చింది. బతికాడు. నేనే బతికించుకున్నాను. అప్పుడు ఆమె బుర్రలో ఉన్నది ఆ ఒక్క మాటే.

చప్పుడు ఘాట్ దిగింది. తిన్నటి రోడ్డు. ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగింది, బయల్దేరింది. రైలు గేటు గంట వినిపించింది. ఆమెకి తెలియని సందులేవో తిరిగి తిరిగి, చివరికి ఒక చోట ఆగి, నిలకడగా తిరుగుతూ ఉండిపోయింది. తలుపు తీసిన చప్పుడు. వేసిన చప్పుడు. కాసేపాగి మళ్ళీ తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. షెడ్డులోని కారు తలుపులు రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

తర్వాత ఏమీ లేదు. గాలి, రేకులు.

యుజురు స్టీరింగు వదిలాడు. తనంతట తనే దిగాడు. "దింపేశాను," అన్నాడు. ఇంకో మాట లేకుండా ఇంట్లోకి నడిచాడు.

ఆదివారం అతను క్యూషూ వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "చలిగా ఉంది," అన్నాడు. కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే జ్వరమని హత్సుమే చెప్పింది. కింద హీటరు, చుట్టూ దుప్పటి ఉండే పొట్టి బల్ల కొటాట్సు ముందు, ఆ దుప్పటి నడుం దాకా లాక్కుని కూర్చున్నాడు. పెట్టింది తిన్నాడు. అడిగితే జవాబిచ్చాడు. ఆమెని మేస్త్రీ అని మాత్రం పిలవలేదు. రాత్రి అక్కడే పడుకునేవాడు. ఆమె పనికెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ అదే చోటు. లేవగా చూడలేదు.

షెడ్డుకి తాళం వేసేసింది. నిజం చెప్పేయాలని రోజూ అనుకుంది. ఇంజను ఎవరిదో, గుడ్డ ఎందుకు తీసిందో, అన్నీ. గురువారం, పందొమ్మిదో తారీకు, సాయంత్రం పాట అయ్యాక టీ కాచి తెచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, నీకొకటి చెప్పాలి. తిట్టుకో, కొట్టు, ఏమైనా చెయ్యి..."

ఫోన్ మోగింది. తెలియని నంబరు. పెద్దావిడ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా ఉంది.

"హత్సుమి గారేనా అమ్మా? తుక్కు యార్డు కురాతా గారు నంబరిచ్చారు. హినోకుబోలో పోయినవాడు మా అబ్బాయి."

"అమ్మా... నన్ను క్షమించండి. గడువు దాకా ఆగుతానని మాటిచ్చి..."

"అయ్యో, అలా అనకు తల్లీ. నేను దండం పెట్టుకోవడానికే చేశాను. మొన్న శనివారం సాయంత్రం మా వీధిలో బండి ఆగింది. వాడు చెప్పులు విప్పి లోపలికి రావడం ఈ చెవులతో విన్నాను. ఇవాళ నలభై తొమ్మిదో రోజు. హాయిగా వెళ్ళిపోయాడు. వాణ్ణి ఇంటికి చేర్చింది మీరే."

కొటాట్సు అవతల యుజురు కమలాపండు ఒలుస్తున్నాడు.

"అయితే ఒక్కటమ్మా," ఆవిడ గొంతు తగ్గించింది. "తోడొచ్చిన అబ్బాయి ఇంకా మా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ రోజు నించీ. లోపలికి రమ్మంటే రాడు. అన్నం పెడితే ముట్టడు. సన్నగా, ఎడమ కనుబొమ మీద మచ్చతో... యుజురట పేరు. మేస్త్రీ వచ్చి తీసుకెళ్తుంది, ఎదురుచూస్తానంటాడు. మేస్త్రీ అంటే ఎవరమ్మా?"

హత్సుమి ఫోన్ పెట్టేసింది. కళ్ళెత్తలేదు.

"ఎవరూ ఫోన్‌లో?" ఎదురుగా ఉన్నవాడు అడిగాడు. అన్న గొంతే.

"ఎవరో... రాంగ్ నంబరు."

కాళ్ళు వెనక్కి తీసుకుందామని దుప్పటి కింద మెల్లగా కదిపింది. బొటనవేలికి ఏదో తగిలింది. పాదం కాదు. బూటు. ఇంట్లో, చాప మీద, కొటాట్సు దుప్పటి కింద... తడి మట్టి అంటిన బూటు. వేలితో తడిమింది. లేసు ముడి గట్టిగా బిగించి ఉంది. ఆ పక్కన రెండోది.

దానికి కాస్త ఎడంగా మూడోది.