తిరుగు అచ్చు

మోన్‌పర్నాస్ స్టేషను వెనక, బొగ్గుల కొట్టు దాటాక ఒక పెరడుంది. ఆ పెరట్లో చివరి గది మా అచ్చుగది. మా నాన్న కొన్న మర, మా నాన్న అరగదీసిన సిరా బండ, ఎంత కడిగినా వదలని అవిసెనూనె వాసన. రాగిరేకుల మీంచి బొమ్మలు అచ్చు తీయడమే ముప్పై ఏళ్లుగా నా పని. నా పేరు బజీల్.

గోడ మీద బోర్డులో నా పేరే ఉంది గాని, నిజానికి పని నా భార్య మాతురీన్‌ది. నేను చక్రం తిప్పుతాను. ఆమె రేకు తుడుస్తుంది. రేకంతా సిరా పూసి, పలచటి గుడ్డతో పైపైన తుడిచాక, ఆఖరి తుడుపు ఒట్టి అరచేత్తో తుడవాలి. అరచేతికి కాస్త సుద్దపొడి అద్దుకుని, పసిపిల్ల వీపు నిమిరినట్టు. ఎక్కువ తుడిస్తే గీతలోని సిరా పోతుంది, తక్కువ తుడిస్తే కాగితం మసి అవుతుంది. "చక్రం తిప్పడానికి ఎద్దు చాలు, నా కుడిచెయ్యి ఎక్కడ దొరుకుతుంది నీకు?" అనేది. నిజమే. నేను చక్రం తిప్పేవాణ్ణి.

ఆమెకు చదువు అంతంత మాత్రం. నా పేరు చివర రాయాలి గాని పలకని అక్షరం ఒకటుంది. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆ అక్షరం రాయలేదు. అచ్చు కాగితాల కట్టల మీద నా పేరు రాసిన ప్రతిసారీ ఎగ్గొట్టేది. మేడమీద గదిలో అద్దెకుండే చిత్రకారుడు సిల్వేర్ పెన్సిలుతో ఆ అక్షరం చేర్చి, "మొగుడికి తోక కోసేశావమ్మా" అని ఏడిపించేవాడు.

సిల్వేర్ యుద్ధం నుంచి ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు. కొత్త తరహా బొమ్మలు వేసేవాడు. వాటిలో మనిషుండడు, చెట్టుండదు, కుర్చీ కూడా ఉండదు. అన్నీ గీతలే. బొగ్గుల కొట్టాయన ఒకసారి తొంగిచూసి, "ఇది బొమ్మా, లేక పిల్లి గోళ్లు పదును పెట్టుకుందా?" అన్నాడు. సిల్వేర్ పట్టించుకోలేదు. ఆఖరి నెలల్లో మా గదిలోనే మూల కూర్చుని, ఉక్కుసూదితో రాగి మీద కిర్ కిర్‌మని గీకుతుండేవాడు. చూపంతా మాతురీన్ చేతి మీదే.

"ఏమయ్యా, నా మొహం అంత బాగోదా? ఎప్పుడూ చెయ్యే చూస్తావు" అంది మాతురీన్.

"నేను మనుషుల్ని గీయనమ్మా. వాళ్లలో ఉన్న గీతలు తీసుకుంటాను" అన్నాడు.

అందరం నవ్వాం. అతనూ నవ్వి, చాలాసేపు దగ్గాడు. ఆకులు రాలే రోజుల్లో పోయాడు.

డిసెంబరులో అతని అక్క ఎర్మాన్స్ గారు ఆ ఆఖరి రేకు పట్టుకొచ్చారు. పన్నెండు ప్రతులు చాలన్నారు. ఆ తరవాత ఆనవాయితీ ప్రకారం రేకు కొట్టెయ్యాలి. అంటే మూల నుంచి మూలకు ఉలితో రెండు అడ్డగీతలు లోతుగా లాగెయ్యాలి, ఇంకెవరూ దాన్ని అచ్చు తీయకుండా. "మావాడి పని బజారున పడకూడదు బజీల్ గారూ. నా కళ్లెదుటే కొట్టెయ్యండి, ఆదివారం వస్తాను" అన్నారు.

సూదితో నేరుగా రాగిని గీకితే గీత పక్కన సన్నటి గట్టు లేస్తుంది, నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు. సిరా పట్టుకునేది ఆ గట్టే. అచ్చు తీసినప్పుడల్లా అది మర కింద నలిగి అణుగుతుంది. ఏడెనిమిది ప్రతులయ్యేసరికి గీత పాలిపోతుంది. ఇది ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. కిటికీ బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే రెండింటికే గ్యాసు దీపం వెలిగించాం. పొయ్యి మీద ఉల్లిపాయ సూపు కాగుతోంది. తడి కాగితాల వాసన, సిరా వాసన, సూపు వాసన కలిసి గది హాయిగా ఉంది. మొదటి ప్రతి మంచి నలుపుతో వచ్చింది. మూడోది అంతకంటే నలుపు. అయిదోది ఇంకా నలుపు. గీత పాలిపోవడం లేదు సరికదా, బలుస్తోంది.

"చూశావా నా చెయ్యి" అంది.

"అది సిల్వేర్ చెయ్యి."

"చచ్చినవాడి చెయ్యి కంటే బతికున్నదాని చెయ్యి మేలు, తిప్పు తిప్పు" అంది.

ఏడో ప్రతి తీస్తుంటే ఎక్కడో కిర్... కిర్... అని వినిపించింది. ఎలుకేమో అనుకున్నాను. మాతురీన్ చెయ్యి దులుపుకుంది.

"చెయ్యి చల్లబడిపోతోంది బజీల్. చూడు."

దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ఆ అరచేతిలో ఒక్క గీత లేదు. సంతలో సోది చెప్పే ముసలిది తొంభై ఏళ్ల ఆయుష్షని మురిపించిన ఆ పొడుగు గీత లేదు. వేళ్ల కొసల మీది సన్నటి సుడులు కూడా లేవు. కొత్త రాగిరేకులా నున్నగా ఉంది.

"సుద్ద రాసి రాసి అరిగుంటుంది" అన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను, నాకు అప్పుడే భయమేసింది. అయినా ఆపలేదు. అలాంటి నలుపు నా జన్మలో తీయలేదు. ఆ ఆశే నన్ను తినేసింది. ఎనిమిదోది తీశాను. తొమ్మిదోది తీశాను. ఆమె నుదుటి ముడతలు పోయాయి. ఇరవై ఏళ్ల పిల్లలా కనిపించింది. నేను మురిసిపోయాను కూడా, నా బుద్ధి తగలెయ్య.

పదోదానికి కంటి కొసల్లో నవ్వు గీతలు పోయాయి. కాగితం మీద చూస్తే, అంతకుముందు లేని చిన్న వంపులు రెండు పక్కలా ఉన్నాయి.

పదకొండోది మర కిందనుంచి బయటికొచ్చింది. ఆమె ఏదో అనబోయింది. మాట రాలేదు. దగ్గరికి వెళ్లాను.

"బజీల్... నోరు..."

రెండు పెదవుల మధ్య ఉండే గీత... సన్నబడిపోయింది. చూస్తుండగానే ఇంకా సన్నబడుతోంది. కాగితం మీద కొత్తగా ఒక అడ్డగీత. నల్లగా. తడిగా.

ఉలి అందుకున్నాను. రేకు కొట్టేస్తే అంతా ఆగిపోతుంది అనుకున్నాను. మాతురీన్ నా మణికట్టు పట్టుకుంది. ఆ నున్నటి చెయ్యి జారిపోతున్నా వదల్లేదు. వద్దు, వద్దని తల ఊపుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నోరు పూర్తిగా మూసుకుపోయింది. అసలు అక్కడ నోరుండేదన్న గుర్తు కూడా లేదు. ముక్కుపుటాల గీతలు కూడా పాలిపోతున్నాయి. ఇంకో నిమిషం ఆగితే ఊపిరాడదు.

అప్పుడు తట్టింది. తడి ఆరని అచ్చు మీద మరో కాగితం వేసి నొక్కితే, బొమ్మ దాని మీదికి దిగుతుంది. దాన్ని తిరుగు అచ్చు అంటాం. దిగిన గీతను మళ్లీ ఎక్కించలేమా? ఆమె అరచేతిని ఆ పదకొండో ప్రతి మీద పెట్టి, పైన ఉన్నిగుడ్డ వేసి, నా బరువంతా వేసి నొక్కాను. ఏడుస్తూ నొక్కాను. మా నాన్నను, దేవుణ్ణి, చచ్చిన సిల్వేర్‌ను కూడా వేడుకుంటూ నొక్కాను.

చెయ్యి తీసి చూస్తే కాగితం తెల్లగా ఉంది. పెదవుల మధ్య గీత పడింది. నోరు తెరిచి, నీళ్లలోంచి పైకి లేచినదానిలా గాలి పీల్చింది. మిగతా పది ప్రతులూ ఒక్కొక్కటే అలాగే అద్దించాను. నవ్వు గీతలు వచ్చాయి. ముడతలు వచ్చాయి. తొంభై ఏళ్ల ఆయుష్షు గీత వచ్చింది. నేలమీద కూలబడి ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను.

"ఆకలేస్తోంది" అంది.

సూపు పోశాను. ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. కుడిచెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. కాని ఎడమ కంటి కింద ఉండాల్సిన పుట్టుమచ్చ కుడి కంటి కింద ఉంది. కుడి మణికట్టు మీది కాలిన మచ్చ ఎడమ మణికట్టు మీద ఉంది. నవ్వుతూ వెళ్లి కావలించుకున్నట్టు గుండెకు చెవి ఆనించాను. గుండె కుడివైపున కొట్టుకుంటోంది.

అచ్చుగదిలో కుక్కపిల్లకు కూడా తెలిసిన సంగతి నేను మరిచిపోయాను. ప్రతి అచ్చుకీ కుడి ఎడమవుతుంది. ఆమె చెయ్యి కాగితం మీద కాదు, రాగి మీదే పెట్టాల్సింది. ముప్పై ఏళ్ల పనివాణ్ణి, నా భార్యను తిరగేసి అచ్చు తీశాను.

వెనక్కి తిరిగి రేకు అందుకున్నాను. దాని మీద బొమ్మ లేదు. గీతలన్నీ పోయి, కింది మూల సూదితో గీకిన సన్నటి అక్షరాలు మాత్రం ఉన్నాయి. తిరగేసి ఉన్నాయి. అలాంటివి చదవడం మాకు అలవాటే.

"బజీల్, కొట్టెయ్యకు. నేనిక్కడున్నాను."

నా పేరు చివర ఆ పలకని అక్షరం లేదు.

వెంటనే రేకుకు సిరా పూసి, "మాతురీన్, ఒక్కసారి చెయ్యి దీని మీద పెట్టవే" అన్నాను. బల్ల దగ్గర కూర్చున్న మనిషి రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకుంది.

"నాకు అది వద్దు" అంది. గొంతు మాతురీన్‌దే.

కాళ్లు పట్టుకున్నాను. ఆమె చెయ్యి లాగబోతే, నవ్వుతూ బల్లకు అటువైపు వెళ్లింది. నేను ఇటు వస్తే అటు, అటు వెళితే ఇటు. అలా తెల్లారిపోయింది.

ఇప్పుడు ఆదివారం. చర్చి గంట పది కొట్టింది. రేకు తుడిచి చొక్కా లోపల పెట్టుకుని పెరట్లో నిలబడ్డాను. గదిలో ఆవిడ ఎడమచేత్తో ఉలికి పదును పెడుతోంది. తలుపులోంచి ఎర్మాన్స్ గారి గొంతు కూడా వినిపిస్తోంది.

"మీ ఆయన ఏడమ్మా? రేకు కొట్టేస్తానని మాట ఇచ్చాడు."

"ఆయనకు చేతులు వణుకుతున్నాయండీ. నేను కొట్టేస్తాలెండి" అంది ఆవిడ.

చొక్కా లోపల కిర్... కిర్... అని కదిలింది. నా గుండె మీదే. రేకు బయటికి తీశాను. మొదటి వాక్యం కింద రెండోది ఇంకా పూర్తవుతోంది. రాగి మీద గట్టు లేస్తూ, దానంతటదే.

"కొట్టెయ్, బజీల్. త్వరగా."

అక్కడ ఆమె ఎంత నరకంలో ఉందో అనుకున్నాను. ఉలి అడగడానికి తలుపు వైపు రెండు అడుగులు వేశాను కూడా. అప్పుడు మళ్లీ చదివాను.

ఈసారి నా పేరు చివర ఆ అక్షరం ఉంది.