ఉల్లిపొర కటకం

కొండెక్కేవాళ్లను మనుషులు ఆపే రోజులు పోయాయి. ఆ పని ఇప్పుడు గేట్లు చేస్తున్నాయి. కిన్నెర కనుమ కింద ఆండాళు నిలబడగానే గేటు ఆమె వెన్నెముకను చదివేసింది.

"అమ్మా, మీ నడుముకి రెండు కిలోలు దాటకూడదు. సంచి సరిపోయింది. వెళ్లి రండి."

ఆండాళుకి కళ్లు చెమర్చాయి. నడుము దెబ్బతిన్నప్పటి నుంచి ప్రతి గేటూ ఆమెను వెనక్కి పంపిందే. లోయకి వెడల్పు లెన్సు, పిట్టకి దూరపు లెన్సు, గడ్డిపువ్వుకి దగ్గరి లెన్సు... దేన్నీ ఇంట్లో వదిలే మనసు రాక, జీవితమంతా అన్నీ మోసిన ఫోటోగ్రాఫరు ఆమె. డాక్టరు ఈ ఒక్క కొండకి ఒప్పుకున్నాడు, అదీ ఆఖరిసారని.

ఆ లెన్సులన్నిటికీ బదులుగా ఇప్పుడు ఆమె కెమెరా ముందు ఉల్లిపొరంత పల్చటి రేకు ఒకటి ఉంది. దాని పేరు పొరకటకం. పాత లెన్సులు గాజు మందంతో కాంతిని వంచేవి. మెటాలెన్సు అనే ఈ కొత్తరకం రేకు మీద కంటికి ఆనని స్తంభాలు కోట్లలో ఉన్నాయి. కరెంటు సోకితే అవి లేస్తాయి, వాలతాయి. కాంతి వాటి మధ్య కోరినట్టు వంగుతుంది. రేకు ఎదుట ఉన్నదాన్ని చూసి, ఏ లెన్సు కావాలో ఎంచుకుని, ఆ లెన్సుగా మారిపోతుంది. కనిపెట్టింది ఆండాళు చిన్ననాటి స్నేహితురాలు డాక్టర్ నస్రీన్. స్నేహితురాలి నడుము కోసమే మొదలుపెట్టి, లోకమంతా మెచ్చేదాకా వదల్లేదు.

"డాక్టరుగారూ, మీ సంచి తొమ్మిది కిలోలు," అంది గేటు, ఆండాళు వెనకే వచ్చిన నస్రీన్‌తో.

"తిండీ, నీళ్లూ," అంది నస్రీన్ గబగబా.

ఆండాళు పడుచుపిల్లలా ఎక్కేసింది. నస్రీన్ ఆయాసపడుతూ వెనకబడింది. కనుమ మీద మంచు విడిపోగానే, రాతి అంచున ఒక పక్షి పిల్లలకు మేత పెడుతూ కనిపించింది.

"దూరం ఎంచుకున్నాను," అంది కెమెరా.

రెక్క మీది నీటిబొట్టు కూడా ఫోటోలో మెరిసింది. తర్వాత రేకు తనంతట తానే వెడల్పుగా మారి, కింద లోయ మొత్తాన్నీ చూపించింది.

"ఎంత పని చేసినావే నస్రీనూ!" అంది ఆండాళు.

ఆండాళు వెనక్కి తిరిగి చూసింది. నస్రీన్ బండ మీద కూలబడి నడుము పట్టుకుని ఉంది.

"ఏందే, సంచిలో రాళ్లు గానీ పెట్టుకొచ్చినావా?" అంటూ ఆండాళు సంచి విప్పింది. తువ్వాళ్లలో చుట్టి, తన పాత గాజు లెన్సులు. అన్నీ ఉన్నాయి.

నస్రీన్ తల దించుకుంది. "చలికి పొర ముడుచుకుపోతే? నీకు మళ్లీ ఈ కొండ దొరకదు కదే. ఎందుకైనా మంచిదని..."

"ల్యాబులో మంచుగడ్డల మధ్య పెట్టి చూసినావు కదా! నువ్వు చేసిన దాని మీద నీకే నమ్మకం లేదా?"

"లోకానికంతా ఇచ్చేదానికి ఆ నమ్మకం సరిపోయింది. నీ దగ్గరికొచ్చేసరికి చాల్లేదు."

ఆండాళు సంచిలోని లెన్సులను ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఇంత దూరం మోసినందుకైనా ఒక్కటి వాడవే," అంది నస్రీన్, నడుము రుద్దుకుంటూ.

ఆండాళు రేకు తీసి, అన్నిటికన్నా బరువైన లెన్సు కెమెరాకి బిగించి నస్రీన్ వైపు తిప్పింది.

"దీనికన్నా తేలికైన లెన్సు మీ దగ్గర ఉంది," అని గుర్తుచేసింది కెమెరా.

"తెలుసులే, నువ్వూరుకో," అని ఆండాళు ఫోటో తీసింది.