పూషే గారి దెయ్యానికి పదికి రెండు

మా ఊరు బ్రాసో సెకోలో, కొండ మీద పాత కోకో తోటలో గింజలు ఆరబెట్టే ఇల్లు ఒకటుంది. పొద్దుగూకాక ఆ పక్కకి ఎవరూ వెళ్ళరు. లోపల గింజలుండవు, మనుషులుండరు. అయినా ఎండిన గింజల్ని కాళ్ళతో తొక్కి మెరుగు పెడుతున్న చప్పుడు వినిపిస్తుందట... సర్... సర్... సర్.

ఇది మా పక్కింటి ఎర్మిన్ చెప్పగా విన్నది. ఊరంతా ఆవిణ్ణి టాంటీ అంటాం, అత్తయ్య వరస.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి పూషే అనే టూర్ల కంపెనీ దొర దిగాడు. దెయ్యాన్ని చూపిస్తానని ఆరేసి మందిని రాత్రిపూట ఆ ఇంటికి తీసుకెళ్తాడట. జనానికి టిక్కెట్లు అమ్మేముందు ఒకసారి స్నేహితులతో నడిపి చూడాలన్నాడు. దారి చూపడానికి టాంటీని పెట్టుకున్నాడు. వాళ్ళకి నచ్చితే ఆవిడకి వారానికి మూడు రోజుల పని. తోట మూతపడ్డాక ఆవిడకి వేరే ఆధారం లేదు.

లోపల దెయ్యంలా చప్పుడు చెయ్యడానికి మా ఊరి కుర్రాడు రూపర్ట్‌ని మాట్లాడాడు. మా దెయ్యం మీద ఆయనకి అంత నమ్మకం మరి.

ఆ రాత్రి ఆరుగురూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. చీకట్లో... సర్... సర్... ఒక కాలు తొక్కుతోంది, ఒక కాలు ఈడుస్తోంది.

చచ్చిపోయిన తోట మేస్త్రీ గాస్టన్ అలాగే కుంటేవాడని టాంటీకి గుర్తొచ్చింది.

అతిథులు మాత్రం ఆవలించి, కాగితాల మీద మార్కులేశారు. "దెయ్యం నీరసంగా ఉంది." "ఒక్క అరుపూ లేదు." పదికి రెండు.

"ఇంటికెళ్ళాక వెనక్కి నడుస్తూ గుమ్మం దాటండి," అని టాంటీ గుసగుసగా చెప్పింది. "లేకపోతే వెంట వస్తుంది."

స్నేహితులు నవ్వుతూనే సరేనన్నారు. పూషేకి మాత్రం కోపం వచ్చింది.

"నీ చాదస్తం వల్లే టూరు చెడింది, ఎర్మిన్. రేపట్నుంచి రావద్దు. ఆ రూపర్ట్‌కి కూడా చెప్పు."

"సార్, రూపర్ట్..."

వ్యాను తలుపు ధడేల్మంది. వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

తెల్లవారకముందే టాంటీ ఫోను మోగింది.

"టాంటీ..." పూషే గుసగుసలాడాడు. మొదటిసారి వరస కలిపాడు. "రూపర్ట్ మా వంటింట్లోకి ఎలా వచ్చాడు... కుంటుతున్నాడేంటి?"

"రూపర్ట్ నిన్న పొద్దుట్నుంచి జ్వరంతో మంచం దిగలేదు సార్. తోటకే రాలేదు."

ఫోన్లో... సర్... సర్... వినిపించింది.

"తమరు గుమ్మం ఎలా దాటారు సార్?"

"మామూలుగానే..."

"సరే," అంది టాంటీ. "ఇప్పుడు చెప్పండి. పదికి ఎన్ని?"