ఎండచీటీకి రెండు ముగింపులు

ఆదివారం మధ్యాహ్నం ‘ఎండచీటీ’ పదకొండో భాగం అయిపోగానే కాకినాడ జనమంతా చెవుల వెనక అంటించుకున్న పలుచని బిళ్లల్ని ఊడదీసి అరచేతుల్లో పెట్టుకున్నారు. బిళ్లల మీద రెండేసి వాక్యాలు మెరిశాయి. అవే వాళ్ల అభిప్రాయాలు. చదువుకుని, ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకుండా, లేచి ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. 2074లో నాటకం చూసే పద్ధతి అది.

ఆ బిళ్ల పేరు మనోలేఖిని. దాన్ని తయారుచేసింది డాక్టర్ ప్రసూన. అది మెదడును చదివే యంత్రమని ఆమె ఎన్నడూ గొప్పలు చెప్పుకోలేదు. నాడి ఎలా కొట్టుకుంటోంది, ఊపిరి ఎక్కడ ఆగింది, చర్మం మీద చెమ్మ ఎంత పెరిగింది అన్న మూడు సంగతుల్ని అందులోని సెన్సర్లు సెకనుకు నలభై సార్లు కొలుస్తాయి. ఆ క్షణాన తెర మీద జరుగుతున్నదానితో వాటిని జతచేసి, ‘ఈ ఘట్టం మీకు విసుగు పుట్టించింది’ అనో, ‘ఈ పాత్ర మీద మీకు జాలి కలిగింది’ అనో తేట తెలుగులో రాసిపెడుతుంది. అంతకుముందు ప్రేక్షకుల్ని అడిగితే పక్కవాడికి నచ్చిందే తమకూ నచ్చిందనేవారు. కొందరైతే చూడకుండానే తిట్టేవారు. మనోలేఖిని వచ్చాక ఆరేళ్లలో ఆ రభస సద్దుమణిగింది. సమీక్షలు రాసేవాళ్లు వేరే పనులు చూసుకున్నారు.

‘ఎండచీటీ’ ముప్పై ఎనిమిదేళ్ల కిందట మల్లాడి సత్యభామ రాసిన నవల. అందులో ఒక నగరానికి ఉక్కు కప్పు వేసేసిన ప్రభుత్వం, మనిషికి రోజుకు పావుగంట ఎండ చొప్పున చీటీలు పంచుతూ ఉంటుంది. ఎవరో ఎండను దొంగిలిస్తుంటారు. ఇన్‌స్పెక్టర్ దివాకరం ఆ దొంగ కోసం వెతుకుతాడు. చివరికి దొరికేది మాణిక్యం అనే బడిపంతులు. చీటీలు అందని కింది అంతస్తుల పిల్లల కోసం అతను అద్దాలు అమర్చి వెలుగును మళ్లిస్తున్నాడు. దివాకరం అరెస్టు కాగితం మీద సంతకం చేసి, తన పావుగంట ఎండలో కళ్లు మూసుకుని నిలబడతాడు. నవల అక్కడితో ఆగిపోతుంది. పధ్నాలుగో ఏట చదివినప్పటి నుంచి ప్రసూనకు ఆ ముగింపంటే ప్రాణం.

నాటకం తీసిన కంపెనీ మరో ముగింపు కూడా తీసి ఉంచింది. అందులో దివాకరం కాగితం చించేసి, ఉక్కు కప్పు బద్దలుకొట్టి, ఊరంతా ఎండ నింపేస్తాడు. చివరి భాగం ప్రసారానికి ఇంకా మూడు వారాలుంది. ఏది వేయాలో తేల్చడానికి ఒక బుధవారం ఉదయం మూడు వందల మందిని హాలుకు పిలిచారు. సగం మందికి నవల ముగింపు, సగం మందికి కొత్తది చూపించారు.

కొత్తది చూసినవాళ్ల బిళ్లలన్నీ ‘ఈ ముగింపు మీకు నచ్చింది’ అన్నాయి. నవల ముగింపు చూసినవాళ్ల బిళ్లలన్నీ నచ్చలేదన్నాయి. వాళ్ల మధ్యనే కూర్చుని చూసిన ప్రసూన కూడా తన బిళ్ల ఊడదీసుకుంది. ‘ఈ ముగింపు మీకు నచ్చలేదు. లేచి వెళ్లిపోవాలనిపించింది’ అని ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి గుప్పిట మూసేసింది. యంత్రం తప్పు చెప్పిందనడానికి లేదు. దాన్ని చేసింది తనే.

రచయిత్రి సంతకం లేకుండా ముగింపు మార్చకూడదని ఒప్పందంలో ఉంది. ఆ సంతకం తెచ్చే పని కంపెనీవాళ్లు ప్రసూనకే అప్పజెప్పారు. రిపోర్టు పట్టుకుని సత్యభామ ఉండే కోటిపల్లికి బయల్దేరినప్పుడు ఆమెకు ఎవరికో ద్రోహం చేయబోతున్నట్టు అనిపించింది.

సత్యభామకు ఎనభై ఒక్కేళ్లు. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపి రిటైరైన మనిషి. అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తూనే రిపోర్టంతా చదివించుకుంది.

“నీ బిళ్ల నిజమే చెప్పిందమ్మా” అంది తాపీగా. “ఆ ముగింపు చదివిన రోజున ఎవరికీ నచ్చలేదు. పుస్తకం గోడకేసి కొట్టామని ఉత్తరాలు రాశారు.”

“మరి నాకు ఎలా నచ్చిందండీ?”

“దాని గురించి ఎవరితోనన్నా దెబ్బలాడావా?”

ప్రసూనకు వాళ్ల అక్క తులసి గుర్తొచ్చింది. దివాకరం చేసింది ఒప్పా తప్పా అని మొదలై, ఇద్దరికీ రెండ్రోజులు మాటల్లేకుండా పోయిన సంగతి చెప్పింది.

“అయితే మూడో రోజున నచ్చి ఉంటుంది” అంది సత్యభామ. సంతకం పెట్టనని ఆవిడ అనలేదు. ఆ మూడు వందల మందినీ బిళ్లలు మళ్లీ అంటించుకుని తొమ్మిది రోజుల పాటు తియ్యకుండా ఉండమనీ, అప్పటికీ యంత్రం ఇదే మాట చెబితే హాయిగా కప్పు పగలగొట్టుకోమనీ చెప్పి పంపింది.

ప్రసూన సహాయకుడు జానీబాషా, అందరి ఒప్పుదలతో, మాటల్ని కూడా నమోదు చేసేలా బిళ్లల్లో చిన్న మార్పు చేశాడు. కథ బయటపెట్టకూడదు గానీ తమలో తాము మాట్లాడుకోవచ్చన్నారు. ప్రసూన కూడా తన బిళ్ల మళ్లీ అంటించుకుంది.

కొత్త ముగింపు చూసినవాళ్ల స్పందనను చూపే గీత రెండో రోజుకే చదునైపోయింది. ఎండ బాగా వచ్చిందనుకుని ఊరుకున్నారు వాళ్లు. నవల ముగింపు చూసినవాళ్ల గీత మూడో రోజున కదిలింది. జగన్నాథపురం వంతెన మీద ఒక నర్సు, ఒక లెక్కల మాస్టారు దివాకరం గురించి మాటామాటా అనుకుని రెండు బస్సులు వదిలేసుకున్నారు. ఎప్పుడూ చప్పుడు వినిపించని ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలు పంతులు పక్షం ఒకరూ పోలీసు పక్షం ఒకరూ చేరారు. ఆరో రోజున ఎనిమిది మంది కలిసి, ఈ సంగతి తేల్చుకోవడానికే, పడవ మాట్లాడుకుని కోరింగ మడ అడవుల్లోకి వెళ్లారు. తేల్చుకోకుండానే తిరిగొచ్చారు.

తొమ్మిదో రోజు సాయంత్రం ప్రసూన తృప్తిగా గీతలు చూస్తుంటే బాషా ఆమె పక్కనే నిలబడి నసిగాడు.

“అన్నిటికంటే పెద్ద ఆనందం వీటిలో లేదు మేడమ్” అన్నాడు. “నాలుగో రోజున మనం అందరికీ వాళ్ల మొదటి అభిప్రాయం పంపించి, ఇది సరైనదేనా అని అడిగాం కదా. అప్పుడొచ్చింది. దాని గీతలు వేరే ఉన్నాయి.”

“ఏమన్నారు?”

“తప్పన్నారు. మిషన్‌కి ఏం తెలుసని తిట్టారు. అలా తిట్టేటప్పుడు వాళ్లకి కలిగినంత సంతోషం ఈ ఆరేళ్లలో ఏ నాటకానికీ రికార్డు కాలేదండి.”

“నవల ముగింపు చూసినవాళ్లేగా?”

“కొత్తది చూసినవాళ్లు కూడానండి. నచ్చిందన్నాం. నచ్చలేదని పోట్లాడారు.”

ప్రసూన ఆ గీతల్లో తనది చూపించమంది. బాషా చూపించాడు. నాలుగో రోజున, ‘నచ్చలేదు’ అన్న వాక్యాన్ని కొట్టేసి ‘తప్పు’ అని రాసిన క్షణంలో, ఆమె గీత కూడా నిటారుగా లేచి ఉంది. ప్రసూనకు నవ్వాగలేదు.

ఆ లెక్కలు చూశాక కంపెనీవాళ్లు కొత్త ముగింపు మాట ఎత్తలేదు. చివరి భాగం నవలలో ఉన్నట్టే వచ్చింది. అది వచ్చిన వారానికి కంపెనీ ప్రతి బిళ్ల కిందా ‘కాదు’ అనే మీట ఒకటి అదనంగా పెట్టించింది. జనం దాన్ని నొక్కి నొక్కి అరగదీస్తున్నారు.

ప్రసూన మళ్లీ కోటిపల్లి వెళ్లింది. ఊళ్లో మూడొంతుల మంది ఆ ముగింపును వెనకేసుకొస్తూ వాదిస్తున్నారన్న శుభవార్త చెప్పి, కొత్త రిపోర్టు సత్యభామ చేతిలో పెట్టింది. ఆవిడ అద్దాలు సవరించుకుని మొదటి పేజీ చదివి, పక్కన పడేసింది.

“వీళ్లంతా పొరబడ్డారు” అంది. “దివాకరం ఆ సంతకం పెట్టకూడదు. నాకు నలభై మూడేళ్లప్పుడు తెలియక పెట్టించాను. ఇప్పుడైతే చస్తే పెట్టించను.”

“అదేంటండీ, పెట్టకపోతే అతను దివాకరమే కాడు.”

“నీకేం తెలుసమ్మా? రాసింది నేను.”

“మీరు రాశారు. చదివింది మేమండీ” అంది ప్రసూన. తన గొంతు పెరిగిన సంగతి ఆమెకే తెలియలేదు.

సత్యభామ ముఖం వెలిగిపోయింది. లోపలున్న కోడలికి మధ్యాహ్నం ఇద్దరికీ భోజనాలు వండమని కేకేసి, కుర్చీ ముందుకు లాక్కుంది.

“సరే, చెప్పు. ఎందుకు పెట్టాలంటావు?”