ఆపరేషన్ తోడు

ఆ సోమవారం తెల్లారేసరికి బెర్లిన్‌లో నాలుగు వందల కోట్ల హత్యలు జరిగాయి.

ఒక్క పేపర్లో కూడా వార్త రాలేదు. చనిపోయినవాళ్లలో ఎవరూ కంటికి కనిపించరు మరి. అక్కడి ఆడ్లర్స్‌హోఫ్ పేటలో సోరన్ బ్యూటీ అనే కొరియన్ కంపెనీ ల్యాబ్ ఉంది. శనివారం అక్కడి మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ ప్లగ్ ఎవరో పీకేశారు. లోపల దాచిన బ్యాక్టీరియా బ్యాకప్ మొత్తం కరిగి చచ్చింది.

మంగళవారం పొద్దున, బెర్లిన్‌కి దూరంగా వాల్డార్ఫ్ అనే ఊళ్లో శశికాంత్ ఫోన్ మోగింది. ఊళ్లో వాళ్లందరికీ అతను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి బ్లూ కార్డ్ మీద వచ్చిన నెమ్మదైన మనిషి. బ్లూ కార్డ్ నిజమే. మిగతాదంతా అబద్ధం.

"టెర్మిన్ దొరికిందా?" అంది అవతలి గొంతు.

"మార్చిలో ఉంది. అదీ ఎవరైనా క్యాన్సిల్ చేసుకుంటే."

కోడ్ సరిపోయింది. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్; అది దొరక్క అందరూ ఏడ్చే జర్మనీలో ఈ రెండు మాటలు విని ఎవరూ అనుమానపడరు. ఇండియా గూఢచారి సంస్థ చీఫ్ భాస్కర్ రావు సూటిగా విషయానికొచ్చాడు.

"బెర్లిన్‌లో సోరన్ ల్యాబ్ బ్యాక్టీరియా బ్యాకప్‌ని ఎవరో చంపేశారు. అది ఇండియా, కొరియా కలిసి చేస్తున్న ప్రాజెక్ట్ శశీ. బియ్యం కడుగు పులియబెట్టి ఫేస్ సీరమ్ తీస్తారు."

"ఫేస్ క్రీమ్ కోసం నన్ను పంపుతున్నారా సార్?"

"నోరు మూసుకుని విను. మన చర్మం మీద కోట్ల కొద్దీ మంచి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మైక్రోబయోమ్ అంటారు. ఆ పులిసిన కడుగు వాటికి మేత. ఇప్పుడు ఐస్‌ఫోగెల్ అనే ముఠా ఒక దొంగ స్ట్రెయిన్, అంటే నకిలీ బ్యాక్టీరియా రకం, తయారుచేసింది. దాన్ని ట్యాంకులో వేస్తే విషం వదులుతుంది. ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుంది, విషాన్ని ఆపలేదు. మొదటి బ్యాచ్ ఆరు దేశాలకి వెళ్తోంది. రాసుకున్నవాళ్ల ముఖాలు నెల తిరక్కుండా పుళ్లు పడతాయి. అప్పుడు అసలు స్ట్రెయిన్‌ని ముఠా తన పేరుతో అమ్ముకుంటుంది."

"అసలుది చచ్చిపోయిందిగా?"

"ఒక్క ఫ్లాస్క్ బతికింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ భానుమతి దగ్గరుంది. కాకినాడ ఆవిడ. పదకొండేళ్లు కష్టపడింది. ముఠా మనిషి కూడా ఆవిడేనని మన అనుమానం. ఆవిడ ఫోన్లో మాట్లాడిన తెలుగు ముక్క ఒకటి దొరికింది. రికార్డింగ్ మన బెర్లిన్ డెస్క్‌లోనే ఉంది, ట్రాన్స్‌లేషన్ మాత్రం వచ్చింది. ఫైల్ చూడు."

శశికాంత్ ఫైల్ తెరిచాడు. ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. 'బిఫోర్ ద లైట్స్ కమ్ ఆన్, ఐ విల్ బ్రింగ్ మై అకాంప్లిస్.'

లైట్లు వెలిగేలోపు తన భాగస్వామిని తెస్తుందట. ట్యాంకులో స్ట్రెయిన్ వేసే టైమ్ బుధవారం సాయంత్రం నాలుగు గంటలు. బెర్లిన్‌లో వీధి దీపాలు వెలిగేదీ అప్పుడే. లెక్క సరిపోయింది. మరీ అంత చక్కగా సరిపోవడమే శశికాంత్‌కి నచ్చలేదు, కానీ నచ్చకపోవడం సాక్ష్యం కాదు.

అదే రోజు పార్సిల్‌లో ఆయుధం వచ్చింది. పేలే పెన్ను ఆశించాడు. కవర్లో తడి కాగితంలాంటి కొరియన్ షీట్ మాస్క్ ఉంది. 'ముఖం మీద వేస్తే పది సెకన్లలో నిద్ర. గ్లౌజ్ లేకుండా ముట్టుకోకు' అని చీటీ. పదిహేనేళ్ల సర్వీసుకి ఇదా గౌరవం అనుకుంటూ జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట. ల్యాబ్ ఎదురుగా పార్క్ చేసిన కారులో బెర్లిన్ డెస్క్ ఏజెంట్ రాజ్యశ్రీ కూర్చుని ఉంది. బయటి ప్రపంచానికి ఆమె బ్యూటీ ఇన్‌ఫ్లుయెన్సర్. అద్దంలా మెరిసే చర్మం, నల్లటి లాంగ్ కోటు. ఆమె పక్కన కూర్చుంటే ఎవరికైనా తన ముఖం తనకే గరుకుగా అనిపిస్తుంది.

"తిన్నావా?" అంటూ డబ్బా చేతిలో పెట్టింది. పెరుగన్నం. ఆవాలు, మిరియాలు, అల్లం ముక్కలు.

శశికాంత్ ఒక ముద్ద తిని ఆగిపోయాడు. "ఇది షాపు పెరుగు కాదు."

"షాపుది నాకు ఎక్కదు. నేనే తోడు పెడతా. ఈ చలికి పెరుగు తోడుకోవాలంటే గిన్నెకి శాలువా చుట్టి హీటర్ మీద పెట్టాలి. బిడ్డని సాకినట్టే."

అతను డబ్బా ఖాళీ చేసేశాడు. అందరినీ అనుమానించడం అతని ఉద్యోగం. ఇంటి ఓనర్‌ని, పోస్ట్‌మ్యాన్‌ని, చివరికి చీఫ్‌ని కూడా అనుమానించేవాడు. పెరుగన్నం పెట్టినవాళ్లని అనుమానించడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ప్లాన్ రాజ్యశ్రీ మరోసారి చెప్పింది. "ల్యాబ్ నుంచి ప్లాంట్‌కి వెళ్లే గేటు దగ్గర నువ్వు భానుమతిని ఆపు. మఫ్టీలో ఇద్దరు పోలీసులు నీతో ఉంటారు. ఫ్లాస్క్ నాకివ్వండి, నేను లోపలికి తీసుకెళ్లి ట్యాంకులో వేయిస్తా. ట్యాంకులో కడుగు ముప్పై రెండు డిగ్రీల దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆలస్యమైతే పాడైపోతుంది."

మూడూ నలభై ఐదు. పాత ల్యాబ్ బిల్డింగ్ నుంచి యాభై దాటిన ఒకావిడ బయటికొచ్చింది. జీన్స్ మీద స్వెటర్, కాళ్లకి స్నో బూట్లు. తన చలికోటు వదిలేసి, ఉన్న ఒక్క శాలువాని చేతిలోని వస్తువుకి చుట్టింది. రెండుసార్లు వెనక్కి చూసింది. నాలుగు అడుగులు వేసి ఆకాశం చూసింది. మళ్లీ నడిచి, మళ్లీ ఆకాశం చూసింది.

సిగ్నల్ కోసం చూస్తోంది అనుకున్నాడు శశికాంత్. డ్రోన్ కావచ్చు.

గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. "డాక్టర్ భానుమతి గారూ, కదలకండి."

పోలీసులు చెరో పక్కా నిలబడ్డారు. రాజ్యశ్రీ మర్యాదగా శాలువా విప్పి, ఫ్లాస్క్ తీసుకుని, హైహీల్స్ టకటకలాడిస్తూ ప్లాంట్‌లోకి వెళ్లిపోయింది. భానుమతి ముఖం పాలిపోయింది.

"ఎవరు బాబూ మీరంతా? ఆ ఫ్లాస్క్ నాకిచ్చేయమనండి. అదొక్కటే మిగిలింది!"

"మీ మనిషి ఎక్కడ?"

"ఏ మనిషి?"

"మీ పార్ట్‌నర్. లైట్లు వెలిగేలోపు తెస్తానని ఫోన్లో చెప్పారుగా? రికార్డింగ్ ఉంది మేడమ్, అబద్ధాలు వద్దు."

"నేనా? నేను మొన్న మా గిరిజక్కతో తప్ప ఎవరితోనూ తెలుగులో మాట్లాడలేదు." ఆవిడ కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. ఒక్కసారిగా కళ్లు తెరిచింది. "ఓరి నాయనా! దీపాలు పెట్టేలోపు తోడు తీసుకెళ్తానన్నా! తోడంటే మనిషేంటి బాబూ, పాలల్లో వేసే తోడు! ఆ ఫ్లాస్కే! దీపాలు పెట్టాక తోడు ఇంటి గడప దాటించరు కదా మనవాళ్లు. సైంటిస్టునే, అయినా పదకొండేళ్ల కష్టం, భయం ఉండదా? ఇక్కడ డిసెంబర్లో నాలుగు దాటగానే చీకటి పడి చస్తుంది. అందుకే నాలుగు గంటలకి పెట్టించా. కొరియా వాళ్లు అదేదో ప్రోటోకాల్ అనుకుంటున్నారు!"

శాలువా. ఆకాశం. శశికాంత్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ వెంటనే ఇంకోటి తట్టింది. తోడు అనే మాటకి అకాంప్లిస్ అని రాసింది బెర్లిన్ డెస్క్. బెర్లిన్ డెస్క్‌లో తెలుగు వచ్చింది ఒక్కరికే. గిన్నెకి శాలువా చుట్టి తోడు పెట్టే మనిషికి తోడంటే ఏంటో తెలీదా?

"పరిగెత్తండి మేడమ్!" అన్నాడు.

మూడూ యాభై ఏడు. ఫెర్మెంటర్ హాల్లో స్టీల్ ట్యాంకు మీది మెట్ల దగ్గర రాజ్యశ్రీ నిలబడి ఉంది. తెల్లటి సూట్ వేసుకుంది కానీ, మేకప్ చెడుతుందని ఫేస్ కవర్ పెట్టుకోలేదు. కింద టెక్నీషియన్ మిస్ యూన్ గడియారం చూస్తోంది. రాజ్యశ్రీ చేతిలో ఫ్లాస్క్, భుజానికి బ్యాగ్.

"ఆగు రాజ్యశ్రీ!"

ఆమె కంగారుపడలేదు. నవ్వింది. "లేటయ్యావు శశీ. పెరుగన్నం ఎక్కువైందా?"

ఫ్లాస్క్ మూత మీదికి వేలు వెళ్లింది. శశికాంత్ మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కి, గ్లౌజ్ చేత్తో షీట్ మాస్క్‌ని ఆ అద్దంలాంటి ముఖానికి ఫట్‌మని అంటించాడు. ఫ్లాస్క్ జారింది. నేలకి జానెడు ఎత్తులో మిస్ యూన్ దాన్ని పట్టుకుంది.

రాజ్యశ్రీ మెట్ల మీదే కూలబడుతూ గొణిగింది. "బ్యాగులో ఇంకోటుంది. ఏది అసలుదో... నీకు... తెలుసా?"

పది సెకన్లు కూడా పట్టలేదు. నిద్రపోయింది.

బ్యాగులో రెండో ఫ్లాస్క్. అదే గాజు, అదే లేబుల్, అదే లేత పసుపు ద్రవం. మిస్ యూన్ పీహెచ్ చూసింది. రెండూ ఒకటే. చేతిలోది నకిలీ, బ్యాగులోది అసలు అయి ఉండాలి. కానీ ఇంత తెలివైన మనిషి ఆఖరి మాట ఎందుకు అంటుంది? తారుమారు చేసి ఉంటే?

మూడూ యాభై తొమ్మిది.

భానుమతి రొప్పుతూ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటి ఫ్లాస్క్ మూత దగ్గర చేత్తో గాలి విసురుకుని వాసన చూసింది. "వెనిగర్ కంపు. ఇది కాదు." రెండోది చూసింది. ఆవిడ ముఖం విచ్చుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మూడో రోజు పులిసిన తరవాణి కుండ వాసన," అంది. "ఇదే నా తోడు. పదకొండేళ్లుగా రోజూ పీల్చిన వాసన, మెషీన్ మోసపోతుందేమో గానీ నేను మోసపోను."

తనే వంపింది. చివరి చుక్క ట్యాంకులో పడింది. కిటికీ బయట వీధి దీపాలు ఒక్కసారిగా వెలిగాయి.

భానుమతి మెట్ల మీదే కూర్చుని ఏడ్చేసింది. శశికాంత్ శాలువా తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పాడు. "క్షమించండి మేడమ్. ఇంకోసారి తెలుగు మాట ఏదైనా తెలుగులోనే వింటాను."

"సర్లే, ముందు ఆ అమ్మాయి ముఖం మీద మాస్క్ తీయండి బాబూ. ఇరవై నిమిషాలు దాటితే స్కిన్ పాడవుద్ది," అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ.

పోలీసులు రాజ్యశ్రీని మోసుకెళ్తుంటే చీఫ్ ఫోన్ వచ్చింది.

"టెర్మిన్ సంగతి తర్వాత. ఆ అకాంప్లిస్ దొరికిందా?"

"దొరికింది సార్. ట్యాంకులో వేసేశాం."

"ట్యాంకులోనా! ప్రాణాలతో ఉందా?"

"లక్షణంగా ఉంది సార్. పొద్దున్నకల్లా తోడుకుంటుంది."